సైకిల్ లెగ్‌లో డ్రాఫ్టింగ్: సెన్సార్ పెట్టి పెనాల్టీ వేస్తే మన రేసులు బాగుపడతాయా?

మూడుముక్కలాట
మొన్నటి హాఫ్ ట్రయాథ్లాన్ (ఈత, 90 కి.మీ. సైకిల్, 21 కి.మీ. పరుగు; ఏ రేసో చెప్పను, చెప్తే మోడ్ గారు పోస్టు లేపేస్తారు) అయినప్పట్నుంచి ఈ డ్రాఫ్టింగే, అదే ముందువాడి వెనక గాలి చాటున దూరి తొక్కడమే, బుర్రలో తిరుగుతోంది. ఏరోబార్స్ (గాలి తక్కువ తగిలేలా వంగి పట్టుకునే హ్యాండిల్) మీద వంగి నా వాట్స్‌లో నేను పోతున్నా, వెనకనుంచి గుయ్‌మని చక్రాల చప్పుడు, చూస్తే డజను మంది దాకా గుంపు. ముందున్న ఇద్దరే తొక్కుతున్నారు, మిగతా వాళ్లు కాళ్లు ఊరికే ఆడిస్తున్నారు, ఒకతనైతే నన్ను దాటుతూ తాపీగా జెల్ చింపుకుని నోట్లో పిండుకుంటున్నాడు. రెఫరీ బండి వచ్చింది, విజిల్ ఊదారు, గుంపు విడిపోయింది, బండి ముందుకెళ్లగానే మళ్లీ అతుక్కుంది. పెనాల్టీ టెంట్ దగ్గర నేను దాటేటప్పుడు ఒక్క మనిషి లేడు.

ప్రోల రేసుల్లో ఇప్పుడు రేస్‌రేంజర్ అని వాడుతున్నారు కదా, న్యూజిలాండ్ వాళ్లది, జేమ్స్ ఎల్వరీ, డిలన్ మెక్‌నీస్ అని ఇద్దరు మాజీ ప్రోలు మొదలుపెట్టింది. ముందు ఫోర్క్‌కి ఒక డబ్బా, సీట్‌పోస్ట్ వెనక ఇంకో డబ్బా. వెనక డబ్బాలో లైటు ఉంటుంది, అది వెనకొచ్చేవాడికి కనపడాలని. డ్రాఫ్ట్ జోన్‌కి (ముందువాడి వెనక దూరకూడని జాగా) దగ్గరపడుతుంటే నారింజ, అంచుకొస్తే నీలం, లోపలికొస్తే ఎరుపు మిణుకుమిణుకుమంటుంది. 2023 జనవరిలో టౌరంగా హాఫ్‌లో మొదటిసారి రేసులో పెట్టారు, ఆ తర్వాత టీ100 అనే ప్రోల సిరీస్ దాకా వచ్చింది.

అడిగేది రెండే. ఇలాంటిది ప్రోలు కాని మన ఏజ్ గ్రూపర్లకి పెట్టగలమా, పెడితే ఆ డేటా చూసి నేరుగా పెనాల్టీ వెయ్యొచ్చా?

కొల్లూరు_ఎదురుగాలి
అన్నా నీ బాధ సమజైంది గానీ ఒక్కసారి లెక్కజేసి చూడు. 1500 మందిని దింపుతరు, ఒక్కొక్కరికి రూలు ప్రకారం 12 మీటర్లు అంటే ఒకే వరుసల పెడితే 18 కి.మీ. పొడుగైతది. కోర్సేమో ల్యాపుల మీద ల్యాపులు, సగం రోడ్డు ట్రాఫిక్‌కి ఇచ్చేస్తరు, పైగా మనోళ్లల్ల సగం మంది 28కీ 32కీ నడుమ స్పీడులనే తొక్కుతరు, అందరూ ఒక్క తాననే కుప్ప పడ్తరు. వెనక్కి జరుగుదామంటే ఇంకొకని ముందర పడ్తవ్, వాడు నిన్ను దాటుతడు, మళ్ల వెనక్కి జరగాలె. గిట్ల జరుగుకుంట జరుగుకుంట పోతే స్టార్ట్ లైనుకే వస్తవ్. రోడ్డు ఇయ్యకుంట సెన్సార్ పెట్టి ఫైన్ వేస్తా అంటే ఎట్ల?

నెక్లెస్‌రోడ్_నిదానం
నాకు ఒక చిన్న డౌటండీ, తప్పుగా అనుకోకండి. ఒలింపిక్స్‌లో టీవీలో చూస్తే అందరూ గుంపుగానే వెళ్తున్నారు కదా, అక్కడ ఓకే అయినప్పుడు ఇక్కడెందుకు కాదు?

వెనకసీటు_రెఫరీ
నిదానం గారూ, ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీ నుంచీ డ్రాఫ్ట్ లీగలే, అది వేరే ఆట. అక్కడ ఈతలో వెనకబడితే గుంపు దొరకదు, అదే శిక్ష. ఐరన్‌మ్యాన్ దూరాలు, హాఫ్‌లు, మన ఏజ్ గ్రూప్ రేసులు మాత్రం నాన్ డ్రాఫ్టింగ్, గాలి ఎవరికి వాళ్లు కోసుకోవాలి.

మూడుముక్కలాట గారూ, మీరు చూసిన సీన్ నేను బండి వెనక సీటు మీద కూర్చుని రోజంతా చూస్తా కాబట్టి చెప్తున్నా, విజిల్‌కి విడిపోయిన గుంపుకి కార్డు ఇవ్వడం అంత తేలిక కాదు. ఐరన్‌మ్యాన్ రూల్లో ముందు చక్రం నుంచి ముందు చక్రానికి 12 మీటర్లు, లోపలికి వస్తే 25 సెకన్లలో దాటేయాలి. అంటే నేను ఒకే మనిషిని 25 సెకన్లపాటు కళ్లార్పకుండా చూడాలి, అతను దాటే ప్రయత్నంలో ఉన్నాడా, ఊరికే కూర్చున్నాడా తేల్చుకోవాలి, నంబర్ చదవాలి (బెల్టు వెనక్కి తిప్పుకోనివాళ్లు, నంబర్ నలిగిపోయినవాళ్లు, జెర్సీ కింద దాచేసినవాళ్లు బోలెడు), పక్కకెళ్లి బ్లూ కార్డు (డ్రాఫ్టింగ్ పెనాల్టీ కార్డు) చూపించాలి, నోట్ చేసుకోవాలి. ఈ లోపు మిగతా పదకొండు మంది సర్దుకుంటారు. ఫుల్ ఐరన్‌మ్యాన్‌లో ఆ కార్డుకి పెనాల్టీ టెంట్‌లో ఐదు నిమిషాలు ఆగాలి, మూడు పడితే ఇంటికే. మనిషి ఏడాది ట్రైనింగ్ మీద వేసే దెబ్బ కాబట్టి డౌట్ ఉంటే నేను చెయ్యెత్తను. ఎత్తని ప్రతిసారీ మీలాంటివాళ్ల నోట్లో నేను గుడ్డి రెఫరీని.

కొత్తవాళ్లకి బ్రీఫింగ్‌లో నేను చెప్పేది, 12 మీటర్లంటే మన ఆర్టీసీ పెద్ద బస్సు పొడవు అని.

వాట్స్_పిల్ల
బస్సు కరెక్టే కానీ ఇద్దరి మధ్య బస్సు పట్టదు సార్, చక్రం నుంచి చక్రానికి కాబట్టి ముందు సైకిల్ పొడవు తీసేస్తే ఖాళీ పది మీటర్ల చిల్లరే 🙂

కొల్లూరు అన్నా, "అందరూ చేస్తారు, రోడ్డు లేదు" అని వదిలేసే ముందు ఎంత మిగులుతుందో చూడు. 40 స్పీడులో ఫ్లాట్ రోడ్డు మీద మన శక్తిలో 80 నుంచి 90 శాతం గాలికే పోతుంది, గాలికి పెట్టే పవర్ స్పీడుకి ఘనంలో పెరుగుతుంది. 30 నుంచి 33కి వెళ్లాలంటే గాలి వాటా మూడో వంతు పెరుగుతుంది. అలాంటిది వేరేవాడి వెనక దూరితే ఊరికే వస్తుంది. బ్లోకెన్ వాళ్లు 2018లో 121 మంది పెలోటాన్ (సైకిల్ రేసు గుంపు) మీద చేసిన స్టడీలో గుంపు నడిబొడ్డున ఉన్నవాడికి ఒంటరిగా పోయేవాడి డ్రాగ్‌లో 5 నుంచి 10 శాతమే తగిలింది. మన డజను మంది గుంపులో అంత రాదు, అయినా తక్కువేం కాదు. ఆ మిగుల్చుకున్న కాళ్లతో దిగి 21 కి.మీ. పరిగెడతారు, రిజల్ట్ షీట్‌లో మాత్రం "స్ట్రాంగ్ రన్నర్" అని పేరు. నాకు కాలేది అక్కడే.

ఇంకోటి, 12 మీటర్ల దగ్గర లాభం సున్నా ఏం కాదు, అందుకే ఛాలెంజ్, టీ100 రేసుల్లో ప్రోలకి 20 మీటర్లు పెట్టారు. 12 అనేది గాలి చెప్పిన గీత కాదు, మనం ఒప్పుకున్న గీత.

సోల్డర్_సుబ్బు
ఎంబెడెడ్‌లో పనిచేస్తాను కాబట్టి టెక్ వైపు నేను చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ముందు ఆ జీపీఎస్ గోల వదిలేయండి, ఎవరో ఒకరు "అందరి వాచీ ఫైళ్లు తీసుకుని కంప్యూటర్‌కిస్తే అయిపోద్ది కదా" అంటారని తెలుసు. వాచీ జీపీఎస్ ఆకాశం బాగా కనపడే చోట కూడా మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ ఉంటది, ఇద్దరివి కలిస్తే తప్పు ఇంకా పెరగొచ్చు, పైగా సెకనుకి ఒక పాయింటే రాస్తది, 40 స్పీడులో సెకనంటే 11 మీటర్లు. 12 మీటర్ల రూలుని 11 మీటర్లకోసారి గుర్తుపెట్టే దాంతో కొలుస్తామా? రెండు ఫైళ్లు కలిపి చూస్తే "వీళ్లిద్దరూ 40 కి.మీ. కలిసే పోయారు" అని చెప్పొచ్చు, "జోన్‌లో ఉన్నాడు" అని చెప్పలేం.

ఇలాంటి పనికి వాడాల్సింది అల్ట్రా వైడ్ బ్యాండ్, యూడబ్ల్యూబీ. ఒక డబ్బా చిన్న రేడియో పల్స్ పంపుద్ది, రెండోది తిరిగి పంపుద్ది, పోయి రావడానికి పట్టిన టైమ్ బట్టి దూరం. కాంతి ఒక నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతది, ఈ చిప్పులు దానికంటే సన్నగా టైమ్ కొలుస్తాయి కాబట్టి పది ఇరవై సెంటీమీటర్లలో దూరం వచ్చేస్తది. 2019 నుంచి ఐఫోన్లలో, 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్‌లో ఉన్నది ఇదే.

మరి చిక్కెక్కడంటే, ఒక్క యాంటెన్నా ఉన్న డబ్బా అయితే దూరం చెప్తది గానీ ఎటువైపో చెప్పదు. డివైడర్ అవతల ఎదురొచ్చేవాడు కూడా మూడు మీటర్లే, పక్కనుంచి దాటేసేవాడూ మూడు మీటర్లే. అందుకే ముందొకటి వెనకొకటి పెట్టేది, ఎవడి ముందు డబ్బా ఎవడి వెనక డబ్బాకి ఎంతసేపు దగ్గరగా ఉందో చూడాలి. రెండోది, ఈ పల్స్‌ని నీళ్లు మింగేస్తాయి, మనిషి ఒళ్లంతా నీళ్లే, పైగా మన ట్రయాథ్లాన్ జనం సీటు వెనక రెండు బాటిళ్లు తగిలిస్తారు. డబ్బా బాటిల్ చాటున పడితే 10 మీటర్లు కాస్తా 11 అని చూపించుద్ది, ఎందుకంటే నేరుగా రాకుండా రోడ్డు మీద తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ పట్టుకుంటది. డ్రాఫ్ట్ చేసేవాడికే లాభం అన్నమాట 😀

మూడుముక్కలాట
సుబ్బు బ్రో ఇది చాలా బాగా చెప్పావ్. అయితే డబ్బా సరిగ్గా పెడితే కొలత నమ్మొచ్చు. అలాంటప్పుడు రెఫరీ ఎందుకు ఇంక, సిగ్నల్ దగ్గర కెమెరా చలాన్ పంపుతుంది కదా, అలాగే జోన్‌లో 25 సెకన్లు దాటితే ఫినిష్‌లో ఐదు నిమిషాలు కలిపేస్తే పోలా?

కొల్లూరు_ఎదురుగాలి
చలాన్ అని మంచిగ యాదిజేసినవ్. నా బండి ఇంట్ల ఉండంగ చౌరస్తాల చలాన్ వచ్చింది, ఆ ముచ్చట ఇంకా తెగలే.

మోడ్_మామ
ఆ చలాన్ ముచ్చట వేరే చోట పెట్టుకోండి. అలాగే బిబ్ నంబర్లు, ఫొటోలు వేసి ఎవర్నీ బజారుకీడ్చొద్దు, రెండు పోస్టులు ఇప్పటికే తీసేశా.

వాట్స్_పిల్ల
నేరుగా కలిపేయడం నాకు ఇష్టమే కానీ యూ టర్న్ దగ్గర ఏం చేస్తారో చెప్పండి ముందు.

40 స్పీడులో 12 మీటర్ల గ్యాప్ అంటే టైమ్‌లో 1.08 సెకన్లు. ముందువాడు యూ టర్న్ కోసం 12 స్పీడుకి దిగాడనుకోండి, నేను అదే 1.08 సెకన్ల వెనక ఉన్నా దూరం 3.6 మీటర్లకి పడిపోతుంది. నేను ఒక్క అడుగు ఎక్కువ తొక్కలేదు, నిజాయితీగానే ఉన్నా, డబ్బా మాత్రం ఎర్రగా అరుస్తుంది. టర్న్ అయ్యాక వాడు లేచి స్పీడ్ అందుకుంటే మళ్లీ 12కి సాగుతుంది. నీళ్లూ తిండీ ఇచ్చే ఎయిడ్ స్టేషన్ దగ్గర ఇదే కథ, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇదే కథ (మనకి రేసు కోర్సులో కూడా స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి మరి), ఎక్కుడు రోడ్డు మీద కూడా ఇదే. 15 స్పీడులో ఎక్కుతుంటే వెనకున్నవాడికి వచ్చే గాలి లాభం కూడా పెద్దగా ఏమీ ఉండదు, కానీ రూలు మీటర్లలో ఉంది.

సో కోర్సు మ్యాప్‌లో ఈ చోట్లన్నీ ముందే గీసి అక్కడ లెక్క ఆపాలి, అది సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పని కాదు. దాటడమే కష్టం. నేను ముందువాడికంటే గంటకి ఒకటిన్నర కి.మీ. స్పీడుగా ఉన్నాననుకోండి, 12 మీటర్లు కలుపుకోడానికి 29 సెకన్లు పడుతుంది, రూలేమో 25. అంటే చట్టబద్ధంగా దాటాలంటే కనీసం 1.7 కి.మీ. తేడా కావాలి, మా లెవెల్లో అందరూ అదే స్పీడు కాబట్టి దాటాలన్న ప్రతిసారీ గుండె నోట్లోకొచ్చేలా తొక్కాలి. నిజంగా దాటడానికి కష్టపడి నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకున్నదానికీ గంటసేపు ఒకడి చక్రం పట్టుకు కూర్చున్నవాడికీ ఒకే ఐదు నిమిషాలా? మెషీన్‌కి రెండూ ఒకటే.

నెక్లెస్‌రోడ్_నిదానం
అమ్మా నువ్వు చెప్పిందాంట్లో ఇంకో వైపు ఉంది, దాటించుకునేవాడి వైపు. నాలాంటి నిదానస్తుడిని ఇరవై మంది వరసగా దాటారనుకోండి, రూలు ప్రకారం ఒక్కొక్కరు దాటినప్పుడల్లా నేను వెనక్కి జారాలి. అంటే నేను బ్రేకులేసుకుంటూ వాళ్ల మధ్య కూర్చోవాలా? గుంపులో దూరే ఉద్దేశం నాకు లేదు, గుంపే వచ్చి నన్ను మింగింది. ఆ టైమ్‌లో నా డబ్బా కూడా ఎర్రగానే ఉంటుంది కదండీ.

వెనకసీటు_రెఫరీ
నిదానం గారి పాయింట్ దగ్గరే మనిషి కావాలి. నేను అక్కడుంటే మీరు తొక్కడం ఆపి వెనక్కి జారుతున్నారని చూస్తే తెలిసిపోతుంది, మీకు కార్డివ్వను, మిమ్మల్ని మింగిన వాళ్లని చూస్తా. డబ్బాకి దూరం తెలుసు, ఉద్దేశం తెలియదు.

అలాగని డబ్బా వద్దనేవాణ్ని కాదు. నాకు దానివల్ల ముందుగా కావాల్సింది లైటు, పెనాల్టీ తర్వాత. మనవాళ్లలో సగం మందికి 12 మీటర్లు ఎంతో కంటికి తెలియదు, వంగిపోయి హ్యాండిల్ మీది గార్మిన్ మీటర్ వైపు చూస్తూ తొక్కుతుంటే ఎనిమిది మీటర్లు కూడా దూరంగానే అనిపిస్తుంది. ముందువాడి సైకిల్ వెనక ఎర్ర లైటు కనపడితే చాలామంది వాళ్లంతట వాళ్లే జరుగుతారు. "సార్ నాకు తెలీలేదు" అనే మాట ఇంక చెల్లదు. నాక్కూడా దూరం నుంచే తెలుస్తుంది, ఎవరి ముందు ఎర్ర లైటు పదేపదే మెరుస్తోందో అటు బండి పోనివ్వమంటా, ఇప్పుడైతే ఎటుపోవాలో గుడ్డిగా పోతున్నాం.

డేటా గురించి నా ఆలోచన, ఒక్కొక్క సంఘటన వద్దు, మొత్తం 90 కి.మీ.లో జోన్‌లో ఎన్ని నిమిషాలున్నాడో తీయండి, యూ టర్న్‌లు అవీ పోను. ఎవరిదైనా మిగతావాళ్లకంటే మరీ బయటికి కనపడితే, అదీ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి వెళ్లే స్లాట్ తీసుకోబోయే మనిషి అయితే, అవార్డ్ సెర్మనీకి ముందు పిలిచి గ్రాఫ్ చూపించి మాట్లాడాలి. గుంపు మధ్యలో చిక్కుకున్నవాడిదీ చక్రం పట్టుకున్నవాడిదీ గ్రాఫ్ వేరుగా ఉంటుంది, ఒకడి వెనక ఒకే దూరంలో గీత గీసినట్టు ఉంటే అది ట్రాఫిక్ కాదు.

కొల్లూరు_ఎదురుగాలి
గిది నాకు ఒప్పుకునేటట్టుంది. స్లాట్ కోసం కొట్లాడేటోళ్లకే గట్టిగ పెట్టుర్రి, టైమ్ కటాఫ్ తోని కొట్లాడేటోళ్లని ఇడిసిపెట్టుర్రి. గానీ స్లాట్ ఎవరికొస్తదో రేసు అయినంక గదా తెలిసేది, డబ్బాలేమో ముంగటనే బిగించాలె. 1500 మందికి రెండేసి అంటే 3000 డబ్బాలు, ఛార్జింగ్ పెట్టుడు, బిగించుడు, ఫినిష్‌ల ఇప్పుకునుడు. టైమింగ్ చిప్‌లే సగం మంది కాలికి కట్టుకొని ఇంటికి పట్టుకపోతరు.

మూడుముక్కలాట
రిజిస్ట్రేషన్‌లో "నాకు స్లాట్ కావాలి" అని టిక్ పెట్టినవాళ్లకే డబ్బా, వాళ్లని ముందే వేరే వేవ్‌లో (వేరే బ్యాచ్‌గా) దింపెయ్యడం. డబ్బా లేనివాళ్లకి స్లాట్ లేదు. ఇది చేయొచ్చు కదా?

వాట్స్_పిల్ల
ఐడియా బాగుంది, కానీ డబ్బా ఉన్నవాడు డబ్బా లేనివాడి వెనక దూరితే? మాట్లాడుకోడానికి అవతల ఇంకో డబ్బా ఉండాలి కదా.

సోల్డర్_సుబ్బు
అదే చెప్పబోతున్నా. వేవ్ వేరుగా, పది పదిహేను నిమిషాల ముందు దింపితే మొదటి ల్యాప్ వరకూ ఓకే, రెండో ల్యాప్‌లో వెనక వేవ్ వాళ్లతో కలిసిపోతారు. ముందు రాడార్ లాంటిది పెడితే డబ్బా లేనివాణ్ని కూడా పట్టుద్ది, గార్మిన్ వేరియా వెనకొచ్చే బండ్లని 140 మీటర్ల దాకా చూస్తది కదా అలాంటిది ముందుకి తిప్పి. కాకపోతే ముందువాడూ నువ్వూ ఒకే స్పీడులో ఉంటే రాడార్‌కి అది కదలని వస్తువులా కనపడుద్ది, డ్రాఫ్టింగ్ అంటే సరిగ్గా అదే కదా, ఖర్మ.

బాటిల్_కేజ్
ఇన్ని తంటాలెందుకు బ్రదర్స్, రెండు డ్రోన్లు ఎగరేస్తే మొత్తం వీడియో వచ్చేస్తుందిగా. లేదంటే ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలున్నాయి, అందులో క్లియర్‌గా కనపడుతుంది ఎవరు ఎవరి వెనక ఉన్నారో.

వెనకసీటు_రెఫరీ
డ్రోన్ సంగతి ఇక్కడ మర్చిపోండి, హైదరాబాద్‌లో ఒకవైపు శంషాబాద్, ఇంకోవైపు బేగంపేట, హకీంపేట, దుండిగల్, ఎటు చూసినా ఎయిర్‌పోర్టో ఎయిర్‌ఫోర్సో. పర్మిషన్ తెచ్చుకునేలోపు రేసు సీజన్ అయిపోతుంది.

ఫొటోలతో మాత్రం దయచేసి ఎవరినీ తిట్టొద్దు. ఫొటోగ్రాఫర్ దూరంగా నిలబడి పెద్ద లెన్స్ వేసి ఎదురుగా తీస్తాడు, అలా తీస్తే ముందూ వెనకా దూరం నలిగిపోయి 20 మీటర్ల తేడాలో ఉన్నవాళ్లు కూడా భుజాలు రాసుకుంటున్నట్టు కనపడతారు. నా దగ్గరికి ప్రతి రేసు తర్వాత వాట్సాప్‌లో వచ్చే "సాక్ష్యం" సగానికి సగం ఇదే.

వాట్స్_పిల్ల
పవర్ మీటర్ (ఎన్ని వాట్స్‌తో తొక్కుతున్నామో కొలిచేది) ఫైళ్లు మాత్రం కొంచెం ఆలోచించొచ్చు. బరువు, ఎత్తుపల్లాలు, స్పీడ్, వాట్స్ తెలిస్తే మనిషి గాలికి ఎంత అడ్డం పడ్డాడో వెనక్కి లెక్కకట్టొచ్చు. 37 స్పీడులో 140 వాట్స్ మీద గంట పోయాడంటే ఒకటి రోడ్డు దిగుడన్నా అయ్యుండాలి, లేదా గాలి వెనకనుంచన్నా కొట్టుండాలి, లేదా ఎవడో ముందు ఉండుండాలి. గాలి ఎటు కొట్టిందో సరిగ్గా తెలియదు కాబట్టి పెనాల్టీకి చాలదు, పైగా పవర్ మీటర్ అందరికీ ఉండదు, ఉన్నవాళ్లు ఫైల్ ప్రైవేట్ చేసేస్తారు. అనుమానం వరకు ఓకే.

నెక్లెస్‌రోడ్_నిదానం
మరి మన ఆదివారం గండిపేట రైడ్‌లో మీరందరూ నన్ను ఎదురుగాలికి ముందు పెట్టి వెనక వరసగా వస్తారు కదా, అది ఏ కార్డు? 😄

కొల్లూరు_ఎదురుగాలి
అది సేవ అంకుల్.
గానీ నిజంగ చెప్పాలంటే మనకి డ్రాఫ్టింగ్ అలవాటు అయ్యేదే గక్కడ. వారం వారం గుంపుల చక్రం పట్టుకునుడే నేర్చుకుంటం, ఒంటిగ 90 తొక్కినోడు ఎంతమంది ఉన్నరు మనల? రేస్ నాడు ఒక్కసారి 12 మీటర్లు అంటే కాళ్లు ఇననే ఇనవు.

సోల్డర్_సుబ్బు
నా దగ్గర యూడబ్ల్యూబీ డెవలప్‌మెంట్ బోర్డులు నాలుగు పడున్నాయి, ఆఫీస్ ప్రాజెక్ట్‌లో మిగిలినవి. రెండు సైకిళ్లకి సరిపోతాయి. ఆదివారం పొద్దున్నే ఔటర్ పక్కన సోలార్ ట్రాక్ మీద, నార్సింగి వైపు పెట్టుకుందాం, నేరుగా ఉంటది, బండ్లు రావు. 12 మీటర్లు టేప్‌తో కొలిచి చాక్‌పీస్‌తో గీస్తాం, ముందు బాటిళ్లు లేకుండా, తర్వాత సీటు వెనక నిండు బాటిళ్లు పెట్టి. పైన కప్పు ఉంది కాబట్టి సిగ్నల్ తిరిగి కొట్టుద్దేమో అని నాకు డౌట్, అందుకే కప్పు లేని చోట కూడా ఒకసారి చూడాలి.

వెనకసీటు_రెఫరీ
నేను వస్తా. బోర్డు ఏం చెప్పిందో చూపించకుండా ముందు నన్ను, ఇంకో ఇద్దర్ని దూరం ఎంతో కంటితో చెప్పమనండి, మేమెంత కరెక్టో అది కూడా తేలిపోవాలి. యూ టర్న్ కోన్లు నా దగ్గర ఉన్నాయి.

వాట్స్_పిల్ల
టేప్ 15 మీటర్లది నా దగ్గరుంది. ముందు సైకిల్ నాది, వెనక సైకిల్ కొల్లూరు అన్నది, చక్రం పట్టుకోవడంలో ఆయన కంటే అనుభవం ఎవరికీ లేదు.

కొల్లూరు_ఎదురుగాలి
ఐదున్నరకి వస్తా. నీళ్ల బాటిళ్లు ఎవరైనా పట్టుకరార్రి, నాది ఒక్కటే కేజ్.